మూడు దూలాలూ, ఒక అబద్ధమూ

“ఈ కర్ర మీకేం ద్రోహం చేసిందండీ?”

కెజియా నాతో మాట్లాడిన మొదటి మాట అది. తాడేపల్లిగూడెంలో, రైల్వే గేటు దాటాక ఒక ఇరుకు వీధిలో, పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మే యార్డు అది. ఆమె చెవి మీద పెన్సిలు, జడ నిండా రంపపు పొట్టు, చేతిలో నా ఫోను. ఫోనులో ఒక ఫొటో. ఫొటోలో మా అమ్మ డైనింగ్ టేబుల్ మీద రెండు ముక్కలై పడున్న దూలం.

“అది నేను చేసిందేనండీ,” అన్నాను. గర్వంగా చెప్పాలో సిగ్గుపడాలో తెలియలేదు.

“తెలుస్తూనే ఉంది. వడ్రంగి చేసుంటే ఈపాటికి ఊరొదిలి పోయుండేవాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా?”

“లేదండీ. ఉప్మా గిన్నె సొట్టపోయింది, అంతే.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసింది.

“స్లాబుకి ఫెవికాల్ పూసి మేకులు కొట్టారా?”

“యూట్యూబ్‌లో ఒకాయన అలాగే చేశాడండీ.”

“ఆయనది చెక్క కప్పు అయ్యుంటుంది. మీది సిమెంటు. సిమెంటు మేకుని పట్టుకోదండీ, ఓపిగ్గా భరిస్తుంది. ఓపిక అయిపోగానే వదిలేస్తుంది.” ఫోను తిరిగిచ్చింది. “అయినా ఇప్పుడందరూ దూలాలు పీకేసి స్లాబులు వేసుకుంటుంటే, మీరు స్లాబుకి దూలాలంటారేంటి?”

చెప్పక తప్పలేదు.

మాది మండవల్లి. చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో నా ఉద్యోగం. కొల్లేరు పొంగిన ఏడాది మా పెంకుటిల్లు తొమ్మిది రోజులు నీళ్ళలో నిలబడింది. నీళ్ళు తీశాక గోడలు బీటలిచ్చాయి. పడగొట్టి స్లాబు వేద్దామని పట్టుబట్టింది నేనే. మా నాన్న మత్తయి మాస్టారు మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఇంట్లో మాత్రం ఎవరితోనూ వాదించరు. “నీ ఇష్టంరా” అన్నారు. పాత దూలాలు మూడింటినీ ఇటుక బట్టీ లారీ ఎక్కించింది కూడా నేనే.

కొత్తింట్లో మొదటి మధ్యాహ్నం మా అమ్మ రత్నకుమారి చాప మీద నడుం వాల్చి పైకి చూసింది.

“ఏంట్రా సుందరూ, పైన ఏమీ లేదు?”

“ఫ్యానుందిగా అమ్మా,” అన్నాను.

అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కాని ఆరేళ్ళుగా రోజూ అన్నం తిన్నాక పడుకుని, ఒకసారి పైకి చూసి, గోడ వైపు తిరిగిపోతోంది. ఆ తిరగడం నేను చూస్తూనే ఉన్నాను.

కెజియా ఇదంతా విని, చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకుంది.

“మీ అమ్మగారికి తెలుసా, మీరిక్కడికి వచ్చినట్టు?”

“తెలీదండీ. నేనే చేస్తానని చెప్పాను. నా చేతులతో చేద్దామనే నా పట్టుదల.”

“సరే. శనివారాలు రండి. మీ చేతులకి పని చెప్తాను. వచ్చేటప్పుడు ఒక పని చేయండి. పాత దూలాలకి ఏమేం ఉండేవో రాసుకురండి. కొక్కేలూ మేకులూ మచ్చలూ, అన్నీ. అవి లేకుండా చేస్తే హోటల్ సీలింగులా ఉంటుంది.”

లోపల్నుంచి ఒక పెద్దాయన కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చాడు. ఆమె తండ్రి ఎలీయాజరు గారు. నాలుగేళ్ళ క్రితం కప్పు మీంచి పడి తుంటి విరిగిందట. అప్పట్నుంచి పనంతా కూతురిదే.

“గుమ్మాలిస్తున్నారు, మంచాలిస్తున్నారు బాబూ. ఇంటి కప్పు పని మాత్రం దానికెవరూ ఇవ్వలేదు. ఆడపిల్ల పరంజా ఎక్కుతుందా అంటారు. మీరే మొదలు,” అన్నాడాయన.

“నాన్నా, ఆయనకి గతి లేక వచ్చారు. పొంగిపోకు,” అంది కెజియా. ఈసారి నవ్వింది. చెప్పొద్దూ, నేను ఆ రోజు భీమవరం మీదుగా ఇంటికి రావాల్సినవాణ్ణి, దారి మరిచి నిడదవోలు రోడ్డెక్కాను.

*

మొదటి శనివారం నా కాగితం తీసి చదివింది.

“నడి దూలానికి ఉయ్యాల కొక్కెం. ఇది ఎవరి ఉయ్యాల?”

“నాదేనండీ. దాని పక్కనే క్రిస్మస్ నక్షత్రం కట్టే మేకు. వీధి వైపు దూలం మీద నాన్నగారి బెత్తం. ఎక్కడుందో మాకు తెలిసేది, అందేది కాదు.”

“కొట్టేవారా?”

“ఒక్కసారీ కొట్టలేదండీ. పైకి చూసేవారు, అంతే. మేం చదివేసేవాళ్ళం.”

“వంటింటి వైపు దూలానికి పొగ మచ్చ. సరే. పిచ్చిక గూడు...” ఆగి నా వంక చూసింది. “సుందర్ గారూ, ఇది నావల్ల కాదండీ. పిచ్చికకే చెప్పుకోవాలి.”

నాకు అప్పటిదాకా తెలియని సంగతులు ఆ యార్డులో తెలిశాయి. నిండు దూలాన్ని స్లాబుకి వేలాడదీయకూడదు, బరువు. మూడు పలకలతో పొడవాటి తొట్టిలా చేయాలి, అడుగున ఒకటి, పక్కలకి రెండు. ముందు స్లాబుకి చెక్క దిమ్మెలు బోల్టులతో బిగించి, వాటికి ఆ తొట్టిని కింద నుంచి తొడిగి, పక్కల నుంచి మరలు వేయాలి. చూసేవాళ్ళకి నిండు దూలమే.

పలకలు ఆమె ఏరి తీసింది. ఆకివీడులో పడగొట్టిన ఒక మేడ తలుపుల టేకు. నా చేతికి చిత్రిక ఇచ్చింది. నేను బలమంతా పెట్టి తోశాను. అది రెండడుగులు వెళ్ళి దిగబడిపోయింది.

“కర్రకి ఎదురు తోస్తున్నారు. పిల్లిని తోక నుంచి తలకి నిమిరితే ఊరుకుంటుందా?”

“ఏది తోకో ఏది తలో ఎలా తెలుస్తుందండీ?”

“చెయ్యి పెట్టి చూడండి.” నా వేళ్ళ పక్కనే తన వేళ్ళు పెట్టి పలక మీద నడిపించింది. “ఇటు మెత్తగా ఉందా? అటు గీరుకుంటోందా?”

“ఆఁ,” అన్నాను. నిజానికి నాకు కర్ర సంగతి ఏమీ తెలియలేదు.

నునుపు చేసిన పలకల మీద మళ్ళీ బాడిసతో చెక్కింది. పాతకాలంలో దూలాలు బాడిసతోనే చెక్కేవారు కనుక ఆ గాట్లు లేకపోతే పాతదనం రాదట. ఎలీయాజరు గారు ముక్కాలి పీట మీద కూర్చుని చప్పుడు వింటూ, “రెండోది లోతు పడిందమ్మా,” అనేవాడు. చూడకుండానే.

పొగ మచ్చ దగ్గర మాత్రం నా చదువు అక్కరకొచ్చింది. రంగు పూస్తే రంగులాగే ఉంది. తుప్పు పట్టిన మేకుల్ని వెనిగర్‌లో వారం నానబెట్టి, చెక్కకి ముందు చిక్కటి టీ డికాషన్ పట్టించి, ఆ పైన ఈ నీళ్ళు రాద్దామన్నాను. ఇనుమూ టీలో ఉండే వగరూ కలిస్తే నలుపు. రాసిన పది నిమిషాలకి నలభై ఏళ్ళ వంటింటి పొగ చెక్క మీద తేలింది.

“అబ్బో, నీళ్ళ డాక్టరు గారూ!” అంది కెజియా, నోటి మీద చెయ్యి పెట్టుకుని. “నాన్నా, చూడు! కట్టెల పొయ్యి పెట్టకుండానే మసి తెప్పించారు.”

నాలుగు శనివారాలు. మధ్యాహ్నం ఆమె తెచ్చే ముద్దపప్పూ ఉప్పుచేపా, నేను కొల్లేరు నుంచి తెచ్చే కొర్రమీను పులుసూ కలిపి పొట్టు దిబ్బల మధ్య తినేవాళ్ళం. ఆమె ఒక్కో కొక్కెం గురించీ అడిగేది. పెంకుల మీద వాన చప్పుడు ఎలా ఉండేది? అమ్మ ఉయ్యాల ఊపుతూ ఏ పాట పాడేది? చెప్తూ చెప్తూ మా పాత ఇంటిని నేను ఎంత మరిచిపోయానో, ఎంత మరిచిపోలేదో నాకే తెలిసొచ్చింది. ఇటుక బట్టీ లారీ సంగతి మళ్ళీ ఎత్తిన రోజు నేను సగంలోనే ఆపేశాను. ఆమె తన గ్లాసులోని మజ్జిగ సగం నా గ్లాసులో పోసింది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగేది. “ఎంతవరకూ అయిందిరా?”

“చేస్తున్నానమ్మా. చిత్రిక పట్టడం అయిపోయింది.”

“నువ్వేనా?”

“నేనే.”

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. అమ్మ కళ్ళలో మెరుపు చూడ్డం బాగుండేది, అందుకని అక్కడితో ఆపేసేవాణ్ణి.

*

దూలాలు మండవల్లికి తెచ్చిన రోజు వాన. చిన్న ట్రక్కులో ముందు డ్రైవరు పక్కన ఎలీయాజరు గారు, వెనకాల దూలాల మీద టార్పాలిన్ అదిమిపెట్టి కెజియా, ఆ వెనక బైకు మీద నేను. ఉండి ఊరు దాటుతుంటే ఆకాశానికి ఒక్కసారి చిల్లు పడింది. ఒక టీ బడ్డీ పక్కన బండి ఆపారు. నేను బైకు పడేసి ట్రక్కు ఎక్కి టార్పాలిన్ రెండో కొస పట్టుకున్నాను.

ఇద్దరం తడిసిపోయాం. దూలాలు మాత్రం పొడిగా ఉన్నాయి. చుట్టూ వరిచేలూ చెరువులూ కలిసిపోయి తెల్లగా ఒకటే నీరు. ఆమె ముక్కు మీంచి చుక్కలు కారుతున్నాయి, తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు.

“నవ్వకండి. మీ జుట్టు చూసుకోండి ముందు,” అంది.

“నేనేం నవ్వలేదండీ.”

“మరి అలా చూస్తారేంటి?”

“వాన చూస్తున్నాను.”

“వాన అటుందండీ.”

బడ్డీ అమ్మాయి తెచ్చిన టీలు పట్టుకోడానికి చేతులు లేక, గ్లాసులు దూలం మీదే పెట్టి, వంగి తాగాం. ట్రక్కు ముందు నుంచి ఎలీయాజరు గారు, “చెక్క తడుస్తోందా?” అని కేకేశాడు. “లేదు నాన్నా,” అంది కెజియా. “మరి మాటలు వినపడట్లేదేం?” అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే కెజియా తాడేపల్లిగూడెం నుంచి మళ్ళీ వచ్చి పని మొదలుపెట్టింది. స్లాబు వేసినప్పుడు తీసిన ఫొటోలు అడిగి, కరెంటు పైపులు ఎక్కడ పోతున్నాయో చూసుకుంది. చున్నీ నడుముకి బిగించి పరంజా ఎక్కి, నీలం సుద్ద రాసిన దారాన్ని స్లాబు కిందుగా ఈ గోడకీ ఆ గోడకీ లాగి కట్టి, మధ్యలో వేలితో మీటి వదిలింది. స్లాబు మీద నీలం గీత పడింది. నేను కింద నిలబడి రసమట్టం అందిస్తూ, బోల్టులు లెక్కపెడుతూ ఉన్నాను. ఎత్తులు నాకు పడవు. ఆ మొదటి దూలం కూడా డైనింగ్ టేబుల్ ఎక్కి, సగం కళ్ళు మూసుకుని కొట్టిందే.

సాయంత్రానికి మూడు దూలాలూ పైనున్నాయి. కింద గది పరిమాణం మారిపోయినట్టనిపించింది.

అమ్మ ప్రార్థన నుంచి తిరిగొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఒక్కో దూలాన్నీ చూసింది. తర్వాత మా అందరి ముందూ చాపైనా లేకుండా నేల మీద, పొట్టులో, వెల్లకిలా పడుకుంది. చాలాసేపు అలాగే ఉంది. నాన్న బెత్తం కోసం కెజియా దూలం పక్కన రెండు చెక్క గుబ్బలు పెట్టింది. ఆయన తల ఎత్తి వాటిని చూసి, “బెత్తం ఉంది. చదివే పిల్లలేరీ?” అన్నారు.

అమ్మ లేచి నా రెండు చెంపలూ పట్టుకుంది. “నా తండ్రే! ఎంత పని చేశావురా!”

అప్పుడు చెప్పాల్సింది. కెజియా పనిముట్లు సంచిలో సర్దుతూ అటు తిరిగి ఉంది. అమ్మ దృష్టిలో ఆమె యార్డు వాళ్ళు బిగించడానికి పంపిన పనమ్మాయి. నేను నోరు తెరిచాను. అమ్మ ఏడుస్తోంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

*

తర్వాతి గురువారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. కెజియానీ ఎలీయాజరు గారినీ నేనే రమ్మన్నాను. నలభై మంది దాకా వచ్చారు. గుండుగొలను నుంచి మా మేనత్త విక్టోరియా వచ్చింది. వాళ్ళ చర్చి కమిటీలో ఆమె మాటే మాట. ప్రార్థన అయ్యాక అందరి తలలూ పైకే.

“ఎవరు చేశారొదినా ఇవి?” అంది అత్త. “మా చర్చి హాలుకి ఇలాంటివే వేయించాలని ఏడాది నుంచి వెతుకుతున్నాం.”

“ఎవరో ఏంటి వదినా, మా సుందరే! నాలుగు వారాలు గూడెం వెళ్ళి సొంతంగా చేసుకొచ్చాడు,” అంది అమ్మ.

“నిజంగా నువ్వేనట్రా?”

నలభై మంది నా వైపు తిరిగారు. పాస్టరుగారు కూడా.

“ఏదోలే అత్తా,” అన్నాను. “యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను.”

అంతే మాట. అంటూ ఎందుకో గుమ్మం వైపు చూశాను. అక్కడ చెప్పులు విప్పుతూ వంగిన కెజియా అలాగే ఆగి ఉంది. చేతిలో క్యారేజీ. వెనక ఎలీయాజరు గారు. విప్పిన చెప్పు ఆమె మళ్ళీ తొడుక్కుంది.

గేటు దగ్గర అందుకున్నాను.

“కెజియా గారూ, అది... అమ్మ సంతోషపడుతోందని...”

“మీరు చిత్రిక పట్టారు. మసి మీదే. అవి మీవి కాదని నేననను.” ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. “మీ అత్తగారు అడిగిన పని కోసం నేను నాలుగేళ్ళు ఎదురుచూశానండీ. నా పేరు మూడక్షరాలే. పలకడానికి ఎంతసేపు పడుతుంది?”

క్యారేజీ నా చేతిలో పెట్టింది. “అమ్మగారికివ్వండి. వందనాలు.”

ఎలీయాజరు గారు నా భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండా వెళ్ళిపోయాడు.

ఫోను చేస్తే ఎత్తలేదు. శనివారం యార్డుకి వెళ్ళాను. పెద్దాయన గేటు దగ్గరే కూర్చున్నాడు.

“అమ్మాయి లేదు బాబూ.”

“లోపల చిత్రిక చప్పుడు వినిపిస్తోందండీ.”

“పిల్లి,” అన్నాడు, మొహం తిప్పకుండా. కర్ర నేలకానించి, “అమ్మాయికి కోపం కాదు. కాంట్రాక్టర్లు దాని చేత చేయించుకుని వాళ్ళ పేరు చెప్పుకోవడం అలవాటే. మీరు వేరనుకుంది. అంతే,” అన్నాడు.

చప్పుడు ఆగింది. నేను వింటున్నానని తెలిసినట్టు. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

*

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. జ్వరం తగ్గినవాళ్ళూ, ఉద్యోగం వచ్చినవాళ్ళూ లేచి చెప్పారు. నేను లేచాను. అమ్మ ఆశ్చర్యంగా చూసింది. చిన్నప్పట్నుంచీ నేను లేచింది లేదు.

“మా ఇంట్లో దూలాలు నేను చేయలేదండీ,” అన్నాను.

వెనక వరసలో ఎవరో దగ్గారు.

“నేను చేసింది ఒకటే. అది మా అమ్మ డైనింగ్ టేబుల్ మీద పడింది. ఇప్పుడున్న మూడూ తాడేపల్లిగూడెం కెజియా గారు చేశారు. పలకలు ఏరింది ఆమె, చెక్కింది ఆమె, పరంజా ఎక్కి బిగించింది ఆమె. నాకు పరంజా ఎక్కడం భయం. గురువారం మీ అందరి ముందూ నేను చెప్పింది అబద్ధం. అమ్మకి చాలా రోజులుగా సగమే చెప్తున్నాను. క్షమించండి.”

ముందు ఒకరు నవ్వారు, తర్వాత చర్చంతా. పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకుంటూ, “దేవునికి స్తోత్రం,” అన్నారు. అమ్మ నవ్వలేదు.

ఇంటికెళ్ళాక హాల్లో కూర్చుని పైకి చూస్తూ అంది. “ఆ పిల్ల నా ఎదురుగానే సంచి సర్దుకుంటోంది. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదురా నేను. నువ్వు నాకు అబద్ధం చెప్పడం కాదు, నా చేత ఎంత తప్పు చేయించావో చూడు.” తర్వాత, “ఆ ఉయ్యాల కొక్కెం సరిగ్గా అదే చోట ఎలా పెట్టింది?”

“నేను చెప్పానమ్మా. తను అడిగింది.”

“అడిగిందా?” అమ్మ నా మొహం చూసింది. చూసి, నేను చెప్పనిది కూడా చదివేసింది. “ఓరి వెర్రివాడా.”

విక్టోరియా అత్తకి నేనే ఫోను చేసి నిజం చెప్పి, కెజియా నంబరిచ్చాను. అత్త తిట్టాల్సినన్ని తిట్టి, నంబరు రాసుకుంది. కెజియాకి నేనేమీ చెప్పలేదు. చెప్తే, పనిప్పించి మంచివాణ్ణనిపించుకుంటున్నట్టుంటుంది. డిసెంబరు గడిచింది. జనవరి గడిచింది. చెరువుల నీళ్ళు పరీక్ష చేస్తున్నాను, ఒకరి శాంపిల్ మీద ఇంకొకరి పేరు రాస్తున్నాను.

ఫిబ్రవరిలో అత్త ఫోను.

“హాలు పని నెల నుంచీ జరుగుతోందిరా. ఎంత బాగా చేస్తోందో! నీ సాక్ష్యం సంగతి మొదటి రోజే చెప్పాన్లే.”

“ఏమంది?”

“ఏమీ అనలేదు. కాని రోజూ గేటు వంక చూస్తోంది. ఆ చూసేది నా కోసం కాదు కదరా మొద్దూ?”

బైకు తీశాను. కొల్లేరు మీదుగా ఏలూరు, అక్కడ్నుంచి హైవే. చెరువుల మీద గూడబాతులు నా కంటే నెమ్మదిగా, నా కంటే నిబ్బరంగా ఎగురుతున్నాయి.

గుండుగొలనులో ఆ హాలు హైవే పక్కనే. లోపల పధ్నాలుగు అడుగుల పరంజా మీద కెజియా, నోట్లో మరలు పెట్టుకుని, దూలం పక్కన పని చేస్తోంది. కింద ఎలీయాజరు గారు కుర్చీలో. నన్ను చూసి, “టీ తాగొస్తా,” అని కర్ర పట్టుకుని లేచిపోయాడు.

“కెజియా గారూ.”

ఆమె కిందికి చూసింది. మరలు ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి జేబులో వేసుకుంది. “చెప్పండి.”

దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు. “నాకు మీరంటే ఇష్టమండీ!” అని అరిచాను. సరిగ్గా అప్పుడే హైవే మీద చేపల లారీ ఒకటి హారన్ మోగిస్తూ పోయింది.

“ఏంటీ? వినపడలేదండీ!”

మళ్ళీ అరిచాను. ఇంకో లారీ.

“లారీల చప్పుడండీ! పైకొచ్చి చెప్పండి!”

పరంజా నిచ్చెన మెట్లు పదకొండు. ఆ సంఖ్య నాకిప్పటికీ గుర్తే. నాలుగో మెట్టు మీద నిచ్చెనని రెండు చేతులతో వాటేసుకున్నాను. ఏడో మెట్టు దగ్గర కళ్ళు మూసుకున్నాను. పదకొండో మెట్టు మీద ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుని పైకి లాగింది. పలకల మీద కూలబడ్డాను. గాలిలో టేకు వాసన.

“నేనూ... మీరంటే నాకు...”

“మొదటిసారే వినపడింది,” అంది కెజియా.

“మరి?”

“ఎక్కుతారో లేదో చూద్దామనిపించింది.” నవ్వుదామని మొదలుపెట్టింది, మధ్యలో కళ్ళు తడయ్యాయి. “చర్చిలో అందరి ముందూ చెప్పారట. అది మీ అత్తగారు చెప్పారు. మీరెందుకు రాలేదు? రెండు నెలలు!”

“ఏ మొహం పెట్టుకుని రానండీ?”

“ఉన్నది ఒక్కటేగా. అదే పెట్టుకుని రావాల్సింది.”

కింద నుంచి కర్ర చప్పుడు. ఎలీయాజరు గారు తల ఎత్తి మమ్మల్ని చూశాడు. నేను దిగడానికి తొందరపడబోతే నా కాలు ఖాళీలో ఆడింది.

“మెల్లిగా దిగండి అల్లుడుగారూ,” అన్నాడాయన. “మా ఇంట్లో కింద పడింది నేనొక్కణ్ణి చాలు.”

ఆ వారమే అమ్మా నాన్నా తాడేపల్లిగూడెం వెళ్ళారు. అమ్మ కొర్రమీను పులుసు తీసుకెళ్ళి, యార్డులో పొట్టు దిబ్బల మధ్యే విస్తరేసి, కెజియాకి తన చేత్తో వడ్డించింది. “ఆ రోజు మంచినీళ్ళు కూడా అడగలేదమ్మా నిన్ను,” అని మొదలుపెట్టి, మిగతాది చెప్పలేకపోయింది. కెజియా లేచి అమ్మని పట్టుకుంది. నాన్నా, ఎలీయాజరు గారూ ఈ సంగతులేవీ తమకి పట్టనట్టు, ఏ కర్ర ఎన్నేళ్ళు నిలుస్తుందో మాట్లాడుకుంటూ కూర్చున్నారు.

మా పెళ్ళి మే నెలలో, గుండుగొలను హాల్లోనే జరిగింది. బయట రోళ్ళు పగిలే ఎండ, లోపల కెజియా వేసిన తొమ్మిది దూలాల కింద చల్లగా ఉంది. విక్టోరియా అత్త వచ్చినవాళ్ళందరికీ పైకి వేలు చూపించి పెళ్ళికూతురి పేరు చెప్తోంది. పాస్టరుగారు నన్ను అడగాల్సిన ప్రశ్న రెండుసార్లు అడిగారట. నాకు వినపడలేదు. తల ఎత్తి, చివరి దూలం మీద బాడిస గాట్లు చూస్తూ, ఇవన్నీ ఈ చిన్న చేతులేనా చెక్కింది అనుకుంటున్నాను.

తెల్లటి ముసుగులోంచి మోచెయ్యి ఒకటి నా పక్కటెముకల్లో తగిలింది.

“ఏవండీ,” అంది కెజియా, నాకొక్కడికే వినపడేలా. “కిందికి చూడండి. నేనిక్కడున్నాను.”

ఆమె నన్ను అలా పిలవడం అదే మొదటిసారి.